భూటాన్ వెళ్తే ఫోబ్జిఖాలో మూడు రాత్రులు ఉండండి

భూటాన్ నుంచి వచ్చామనగానే అందరూ మొదట అడిగేది కొండ మీది తక్‌త్సాంగ్ మఠం గురించే. ఎక్కారా, ఎన్ని గంటలు పట్టింది, అమ్మ కూడా ఎక్కగలిగిందా అని. ఎక్కాం, అమ్మ కూడా ఎక్కింది. లోయ నుంచి దాదాపు 900 మీటర్ల పైన, నిట్టనిలువు కొండకి అంటిపెట్టుకుని ఉండే ఆ మఠాన్ని చూసి తీరాల్సిందే, అందులో రెండో మాట లేదు. 1692లో కట్టిన ఆ గుడి 1998లో కాలిపోతే పట్టుబట్టి మళ్లీ అలాగే కట్టుకున్నారు. అయినా నాకిప్పుడు భూటాన్ అంటే కళ్ల ముందు మెదిలేది ఫోబ్జిఖా లోయే.

మా ట్రావెల్ వాళ్లు ఇచ్చిన ప్లాన్‌లో అక్కడ ఒక్క రాత్రే ఉంది. సాయంత్రం చేరుకోవడం, పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరిపోవడం. ఆ మొదటి సాయంత్రమే మాకు అర్థమైపోయింది, ఇది ఒక్క రాత్రితో అయ్యే పని కాదని. బుమ్‌థాంగ్ అనే ఊరికి వెళ్లడం మానుకుని ఇంకో రెండు రాత్రులు అక్కడే ఉండిపోయాం.

దారి గురించి ముందు చెప్పాలి. థింఫు నుంచి బయల్దేరితే గంటలోపే దోచులా కనుమ వస్తుంది, అక్కడ 108 స్తూపాలు వరుసలు తీరి ఉంటాయి, మబ్బు లేకపోతే ఉత్తరాన మంచుకొండలన్నీ కనిపిస్తాయి. వాటిలో గాంఖర్ పుయెన్‌సుమ్ ఎత్తు 7,570 మీటర్లు, ఇప్పటిదాకా దాని శిఖరం మీద మనిషి కాలు పడలేదు, ఇక పడే అవకాశం కూడా లేదు. ఎందుకంటే కొండల మీద దేవతలుంటారన్న నమ్మకాన్ని గౌరవించి 2003 నుంచి దేశంలో పర్వతారోహణే నిషేధించారు. శిఖరం ఎక్కించి డబ్బు చేసుకోవచ్చు కదా అనుకోని దేశం అది. నాకు ఆ పట్టుదల చాలా నచ్చింది. కనుమ దిగితే పునాఖా, అక్కడ స్వెట్టర్లు తీసేశాం, వరి పొలాలు, రెండు నదులు కలిసే చోట పెద్ద జోంగ్, అంటే కోట. మళ్లీ ఎక్కుడు. పైన జడల బర్రెలు రోడ్డు పక్కన మేస్తుంటాయి, అక్కడి నుంచి కాస్త దిగగానే అడవి ఆగిపోయి ఒక్కసారిగా ఇంత వెడల్పు లోయ కనిపిస్తుంది. మధ్యలో పొట్టి వెదురు పెరిగిన చిత్తడి నేల, అంచుల్లో బంగాళాదుంప చేలు, మిట్ట మీద గాంగ్టే మఠం.

ఈ చిత్తడి కోసమే టిబెట్ పీఠభూమి నుంచి నల్లమెడ కొంగలు వస్తాయి. అక్టోబర్ చివర్లో రావడం మొదలుపెట్టి ఫిబ్రవరి, మార్చి దాకా ఉంటాయి. వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ మఠం చుట్టూ మూడుసార్లు తిరుగుతాయని ఊళ్లోవాళ్లు చెప్తారు. మా అమ్మ అది విని "ప్రదక్షిణ అన్నమాట" అంది, గైడ్‌కి ఆ మాట చెప్తే సంతోషంగా తలూపాడు. ఏటా నవంబర్ 11న ఆ మఠం ఆవరణలోనే కొంగల పండుగ చేస్తారు, బడి పిల్లలు కొంగ వేషాలు కట్టి ఆడతారు. లోయకి కరెంటు తెచ్చినప్పుడు కూడా తీగలు పక్షుల రెక్కలకి తగులుతాయని నేల కింద నుంచి వేశారు. స్తంభాలు పాతితే అయిపోయే పనికి అంత ఖర్చు, అంత శ్రమ పెట్టారు, కేవలం ఆ పక్షుల కోసం.

రెండో రోజు తెల్లవారకముందే వెళ్లాం. కంచె కర్రల మీద మంచు గరుకుగా పేరుకుని ఉంది, చెయ్యి వేస్తే వేళ్లు అంటుకున్నంత చలి. ముందు ఏమీ కనిపించలేదు, గొంతులే. బూర ఊదినట్టు ఒకటి, దానికి జవాబుగా ఇంకొకటి. వెలుగు వచ్చేకొద్దీ పల్చటి నీళ్లలో నిలబడ్డ బూడిద రంగు ఆకారాలు ఒక్కొక్కటీ తేలాయి. రాత్రంతా అలా నీళ్లలోనే నిలబడతాయట, నక్కో చిరుతో వస్తే నీటి చప్పుడు తెలుస్తుందని. మాకు దగ్గరగా ఒక జంట, మధ్యలో వాటి పిల్ల, దాని మెడ ఇంకా నల్లబడలేదు, మట్టి రంగులో ఉంది. తల్లో తండ్రో తెలియదు గానీ ఒకటి ముక్కుతో బురద తవ్వి పక్కకి జరిగితే పిల్ల వచ్చి అక్కడే ఏరుకుని తినేది. గంటన్నర సేపు ముగ్గురం నోరు విప్పలేదు. దయచేసి మెరిసే రంగుల బట్టలు వేసుకుని వెళ్లకండి, కాలిబాట దిగి ఫొటోల కోసం దగ్గరికి పోకండి, డ్రోన్ ఊసే వద్దు.

ఖర్చు విషయానికొస్తే, మనకి వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు, దానికి పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చెల్లదు. మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి, వేరే దేశాల వాళ్లయితే ఎక్కువమందికి 100 డాలర్లు. వాళ్ల నుల్‌ట్రమ్, మన రూపాయి సమానం. ఈ రుసుము మీద చాలామంది సణుగుతారు, నాకు మాత్రం న్యాయమే అనిపించింది. దేశంలో కనీసం 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నవాళ్లు వాళ్లు, ఇప్పుడున్నది దాదాపు 70 శాతం. అడవిని అలా ఉంచాలంటే వేరే ఆదాయం ఎన్నో వదులుకోవాలి కదా.

మేం దిగింది ఒక రైతు ఇంట్లో. వంటింట్లో కట్టెల పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి ఎర్ర బియ్యం అన్నం, ఎమా దాత్సీ పెట్టారు. ఎమా అంటే మిరపకాయ, దాత్సీ అంటే చీజ్, రెండూ కలిపి ఉడికిస్తారు. మిరపకాయ అక్కడ కారం కోసం వేసేది కాదు, అదే కూర. వెన్న, ఉప్పు వేసిన టీని టీ అనుకోకుండా చారులా తాగితే బాగుంటుంది. మాట చివర 'లా' అంటారు, అచ్చం మన 'అండీ' లాగే. "కాద్రిన్‌ఛే లా" అంటే కృతజ్ఞతలండీ అని. అమ్మ ఒక్క పూటలో అది పట్టేసింది. ఇంకొంచెం వడ్డిస్తామంటే వెంటనే సరే అనరు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "మేషు మేషు" అంటారు, రెండు మూడుసార్లు బతిమాలించుకున్నాకే పెట్టించుకుంటారు.

బయల్దేరే రోజు ఆ ఇంటి పెద్దావిడ దారానికి గుచ్చిన చుగో దండ తెచ్చింది, రాయిలా గట్టిగా ఎండబెట్టిన జడల బర్రె చీజ్ ముక్కలు, గంటసేపు బుగ్గన పెట్టుకోవచ్చు. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "మేషు మేషు లా" అంది. ఆవిడ నవ్వి, మూడోసారి అడగకుండానే దండ అమ్మ మెడలో వేసేసింది.