డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి "ఈఎఫ్-4" టోర్నడో వస్తోందట!

డాలస్ గ్రూపులన్నిట్లో ఇవాళ ఇదే ఫార్వర్డు. తారీఖు లేదు, టైము లేదు, పంపినవాళ్లు మాత్రం డజను మంది.

అది ఉత్త పుకారని ఆ నంబరే పట్టిస్తుంది. ఈఎఫ్ అంటే టోర్నడో తీవ్రతకిచ్చే రేటింగ్. అది ఇచ్చేది సుడిగాలి పోయాక, కూలిన ఇళ్లూ చెట్లూ సర్వే చేసి. రాబోయేదానికి ముందే ఎవరూ వేయరు.

అమెరికా వాతావరణ శాఖ సైటు వెదర్ డాట్ గవ్ తెరిచి జిప్ కోడ్ కొట్టండి. వార్నింగ్ ఉంటే దాన్ని నొక్కి పూర్తిగా చదవండి. ముందు ఎన్నింటి వరకో చూడండి, తర్వాత చివర్లో "టోర్నడో" అని ఉండే లైను. "రాడార్ ఇండికేటెడ్" అంటే మబ్బులో సుడి తిరుగుతున్నట్టు రాడార్‌లో కనబడింది. "అబ్జర్వ్‌డ్" అంటే టోర్నడో ఉన్నట్టు ఖాయమైంది. మొదటిదే కదా అని బాల్కనీలో నిలబడి వీడియో తీయకండి బాబూ, రెంటికీ కింది అంతస్తులో కిటికీల్లేని గదిలోకే వెళ్లాలి.

వాచ్ వేరు, టోర్నడోలు రావచ్చు, సిద్ధంగా ఉండండి అని చెప్పేది. అది నార్మన్‌లోని స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ బోలెడు కౌంటీలకు కలిపి, గంటల తరబడి ఇచ్చేది. వార్నింగ్ మనకు వాతావరణ శాఖ ఫోర్ట్ వర్త్ ఆఫీసు నుంచి వస్తుంది, మ్యాప్ మీద గీసిన చిన్న పాలిగాన్‌కే. కౌంటీ పేరు చూసి కంగారుపడకండి, మీ ఇల్లు ఆ గీత లోపల ఉందా చూడండి.

ఆ సెంటర్ రిస్క్ మ్యాపుల్లో టైము "జెడ్"లో, అంటే యూటీసీ (గ్రీనిచ్) టైములో ఉంటుంది. ఎండాకాలంలో డాలస్‌కి 5 గంటలు తీసేయాలి: 20జెడ్ అంటే మధ్యాహ్నం 3. మ్యాపు రోజులో చాలాసార్లు మారుతుంది, పొద్దుటి స్క్రీన్‌షాట్ సాయంత్రానికి చెల్లదు. రిస్క్ మెట్లలో ఒకదానికి "స్లైట్" (కొద్దిపాటి) అని ఎవరు పేరు పెట్టారో గానీ, అది 5లో 2వ మెట్టు. ఆ రోజూ టోర్నడోలు పడొచ్చు.

ఊళ్లో మోగే సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం, ఇంట్లో వినబడకపోవచ్చు. పడుకునే ముందు ఫోన్లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.