సెనెకా ఒడ్డున అంటు కట్టిన తీగలు

విజయనగరం దగ్గర మా తోటలో సువర్ణరేఖ, బంగినపల్లి చెట్లు పూతకు వచ్చే రోజుల్లో తెల్లవారుజామున మంచు దట్టంగా పడితే ఇంట్లో ఎవరికీ మనసు మనసులో ఉండదు. పూత మాడిపోతుందేమో, తేనెమంచు పురుగో బూడిద తెగులో పట్టుకుంటుందేమో అన్న బెంగతోనే పెరిగినవాడిని. అందుకే కిందటి సెప్టెంబరు చివర రోచెస్టర్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతమంతా తిరిగినప్పుడు, జలపాతాల కంటే ద్రాక్షతోటల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను.

అక్కడ 11 సరస్సులు చాచిన చేతివేళ్లలా ఉత్తర దక్షిణాలుగా పరుచుకొని ఉంటాయి. ఒకప్పుడు ఆ నేలను కప్పిన హిమానీనదాలు పాత నదీలోయలను దొలిచి వదిలిన పల్లాలే ఈ సరస్సులయ్యాయి. వాటిలో సెనెకా పొడవు దాదాపు 60 కిలోమీటర్లు, లోతు 188 మీటర్లు. పెద్దచెరువు గట్టు మీద తిరిగి పెరిగిన నాకు ఆ లోతు ఊహకు అందలేదు. అక్కడి రైతుకు అండ ఆ లోతే. వేసవంతా వేడిని దాచుకున్న నీరు శరదృతువులో దాన్ని నెమ్మదిగా వదులుతుంది కనుక ఒడ్డు వాలుల్లో కాయ పండడానికి మరికొన్ని రోజులు దొరుకుతాయి. వసంతంలో ఇంకా చల్లగా ఉన్న ఆ నీరే చిగురును ఆలస్యం చేయడంతో, గడ్డకట్టే రాత్రులు చాలావరకు చిగురు విప్పకముందే గడిచిపోతాయి.

అయినా ఐరోపా జాతి ద్రాక్ష ఆ చలికి నిలవదని చాలాకాలం నమ్మారు. ఉక్రెయిన్‌లో పుట్టి, 1951లో అమెరికాకు వలస వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, తగిన వేరుమొక్క మీద అంటు కడితే నిలుస్తుందని పట్టుబట్టి, చేసి చూపించి, 1962లో క్యూకా సరస్సు దగ్గర సొంత వైనరీ పెట్టారు. ఇవాళ ఆ ప్రాంతానికి రీస్లింగ్ ద్రాక్షతో పేరు వచ్చిందంటే దాని వెనుక ఆయన పట్టుదల ఉంది.

సెనెకా ఒడ్డున ఒక తోటలో పనిచేస్తున్న పెద్దాయన, చలికాలానికి ముందు అంటు అతుకు మునిగేలా తీగ మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తామని, వసంతంలో తీసేస్తామని వంగి మరీ చూపించారు. మామిడి అంటు నాటేటప్పుడు అతుకు మట్టిలో పడనివ్వకూడదని మా నాన్నగారు నాకు ఎన్నిసార్లు చెప్పారో! అదే అతుకును బతికించడానికి వాళ్లు మట్టి కప్పుతున్నారు. నేను వైన్ రుచి చూడలేదు గానీ, దారిలో కొన్న కాంకర్డ్ ద్రాక్ష మాత్రం మరచిపోలేను. నొక్కగానే మందపాటి నల్లని తొక్క ఊడిపోయి, గుజ్జు ముద్దగా నోట్లోకి జారుతుంది. ఆ వాసన చాలాసేపు చేతులను వదలదు.

జలపాతాల్లో టగానక్ 215 అడుగుల ఎత్తు నుంచి, అంటే నయాగరా కంటే ఎత్తు నుంచి, దూకుతుంది. మేము వెళ్లేసరికి మాత్రం నీరు సన్నని ధారగా ఉంది. నాకు వాట్కిన్స్ గ్లెన్ నచ్చింది. పొరలు పొరలుగా ఉన్న రాతి ఇరుకులో వందల మెట్లెక్కుతూ 19 జలపాతాలను దాటుకుంటూ పోవాలి. ఒకచోట దారి నీటి తెర వెనుక నుంచే సాగుతుంది. చలికాలంలో ఆ దారి మూసేస్తారు కాబట్టి పిల్లలు అక్కడ ఉన్నవారు అక్టోబరు దాటకుండా వెళ్లడం మంచిది.

రోచెస్టర్ నడిబొడ్డున జెనిసీ నది జలపాతమై పడుతుంది. పిండిమరలు ఆ నీటిబలంతోనే తిరిగి, ఊరిని పెంచాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న ఇథకాలో కయూగా సరస్సు దగ్గర నీటి ఒడ్డున వారాంతాల్లో రైతుల సంత జరుగుతుంది. మన రైతుబజారులో లాగానే పండించినవాళ్లే నిలబడి అమ్ముతుంటే, నేను ప్రతి బల్ల దగ్గరా ఆగి కాయ కాయకూ ధర అడుగుతూ ఉండిపోయాను.

నిన్న అమ్మాయి ఒక ఫోటో పంపింది. సెనెకా ఒడ్డున ఆ పెద్దాయన తోటే. తెల్లని మంచు కింద వరస వరసకూ ఎగదోసిన మట్టి గట్టు ఆనవాలు తెలుస్తోంది. ఇక్కడ మా సువర్ణరేఖలు పూత విప్పాయి, రెండు రోజులుగా పొద్దు ఎక్కేదాకా మంచు తొలగడం లేదు.