మా బాబుకి నడుం కింద మత్తు ఇంజెక్షన్: నా అనుభవం

మా మూడేళ్ల బాబుకి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అన్నప్పుడు అంత కంగారు పడలేదు. ముందు రోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, "బాబు నిద్రపోయాక నడుం కింద, తోక ఎముక దగ్గర ఒక ఇంజెక్షన్ ఇస్తాం, కాడల్ బ్లాక్ అంటారు" అనగానే నాకూ మా ఆయనకీ టెన్షన్ మొదలైంది. నిద్రపోతున్నవాడికి మళ్లీ సూది ఎందుకు?

నిద్రకిచ్చే మందు తక్కువ సరిపోతుందని, లేచాక కూడా కొన్ని గంటలు నొప్పి తెలియదని చెప్పారు. నా భయం వేరు. ఆ మందు పొరపాటున రక్తంలోకి పోతే?

ఆవిడ విసుక్కోలేదు, కూర్చుని చెప్పారు. పెద్దవాళ్లయితే చెవుల్లో హోరు, నాలుక తిమ్మిరి అని వాళ్లే చెబుతారు. నిద్రలో ఉన్న పిల్లాడు చెప్పలేడు కాబట్టి ఈసీజీ చూసి తెలుసుకోవాలి. సూది గుచ్చాక సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తారు. రాకపోయినా నమ్మకం లేదు, పిల్లల రక్తనాళాలు చాలా సన్నవి. అందుకని ముందు టెస్ట్ డోస్, అంటే పరీక్షగా కొంచెం మందు. మా వాడు 14 కిలోలు కాబట్టి గుండె వేగం పెంచే అడ్రినలిన్ కలిపిన మందు 1.4 మి.లీ., అందులో అడ్రినలిన్ 7 మైక్రోగ్రాములే. అది రక్తంలోకి పోయుంటే సాధారణంగా నిమిషంలోపే గుండె వేగం నిమిషానికి 10కి పైగా పెరుగుతుంది, లేదా ఈసీజీ గీతలో టీ తరంగం అనే చిన్న మిట్ట ఎత్తుగా లేస్తుంది. ఏ ఒక్కటి కనిపించినా ఆపేస్తారు. లేకపోతే మిగతాది కొంచెం కొంచెంగా, మానిటర్ చూస్తూ.

"ఇంజెక్షన్ మీరిస్తుంటే స్క్రీన్ ఎవరు చూస్తారు మేడమ్?" అని అడిగాను. దానికే ఇంకో డాక్టరు ఉంటారన్నారు. పిల్లల ఆపరేషన్ ఉన్నవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. ఆ తిమ్మిరి మందు బుపివకైన్ కిలోకి 2.5 మిల్లీగ్రాములు దాటనివ్వరని, అయినా ఏదన్నా జరిగితే ఎక్కించడానికి విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ (కొవ్వు) మందు థియేటర్లోనే ఉంచుతారని కూడా చెప్పారు. అప్పుడు సంతకం పెట్టాం.

ఆపరేషన్ అయ్యాక చార్టు చూపించారు. గుండె వేగం టెస్ట్ డోస్‌కి ముందు 104, తర్వాత 106. ఆ అంకెలు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

బాబు లేచి పాలు అడిగాడు. కాళ్లు పట్టు చిక్కేదాకా నడవనివ్వద్దన్నారు, ఎత్తుకునే తిప్పాం. మూత్రం పోశాకే ఇంటికి పంపారు. మత్తు దిగకముందే పారాసెటమాల్ సిరప్ పట్టమన్నారు, అలాగే పట్టాం. రాత్రి ఒక్కసారి లేచి ఏడ్చాడు, కాసేపు జోకొడితే నిద్రపోయాడు.