కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సార్ పోయినట్టు కాదు

"ఇది మీ ఊరి షెడ్డు కాదు, ఇక్కడ రిపేర్లు చేయం, మారుస్తాం, అంతే." మా ఫోర్‌మన్ ఈ మాట హిందీలో, గ్యారేజీలో అందరూ వింటుండగా అన్నాడు. గల్ఫ్‌లో పని చేసేవాళ్లకు తిట్లు కొత్త కాదు. ఎండకు, టార్గెట్‌కు, కస్టమర్ ఫోన్లకు మధ్య నలిగే మనిషి నోరు జారుతుంది, సాయంత్రానికి మళ్లీ అతనే చాయ్ తెప్పిస్తాడు, మనమూ మరిచిపోతాం. ఈ మాట మాత్రం మనసులోంచి పోవడం లేదు. తిట్టినందుకు కాదు, 'మీ ఊరి షెడ్డు' అన్నందుకు. ఆ షెడ్డులో నేర్చుకున్న పనితోనే కదా నేను ఇక్కడ ఆ కారు సంగతి తేల్చింది.

అసలు ఏం జరిగిందంటే, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గ్యారేజీకి ఒక జపాన్ కారు వచ్చింది, రెండున్నర లీటర్ల పెట్రోల్ ఇంజన్. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది, ఏసీ వేస్తే ఆగిపోయేలా ఉంటుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతూనే ఉంది. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే రెండు తప్పు కోడ్లు వచ్చాయి, పి0101, పి0171. మొదటిది మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్, మేం మాఫ్ అంటాం, అది ఇచ్చే గాలి లెక్క పొసగడం లేదని, రెండోది ఇంజన్‌లో గాలికి తగినంత పెట్రోల్ పడటం లేదని. తెర మీద సెన్సార్ పేరు కనిపించడమే ఆలస్యం, ఫోర్‌మన్ జాబ్ కార్డు మీద 'మాఫ్ సెన్సార్, కొత్తది' అని రాసేసి పార్ట్స్ షాపుకు ఫోన్ కలుపుతున్నాడు. "ఉస్తాద్, ఒక్క గంట ఆగండి, చూసి చెప్తా" అన్నాను.

ఈ సెన్సార్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాకూ, ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్‌కూ మధ్య ఉంటుంది. లోపల చాలా సన్నని ప్లాటినం తీగ, కరెంటుతో ఎప్పుడూ వేడిగా ఉంటుంది. పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది, ఆ వేడి పడిపోకుండా ఎంత కరెంటు పంపాల్సి వస్తోందో చూసి, సెకనుకు ఎన్ని గ్రాముల గాలి లోపలికి పోతోందో తెలుసుకుంటారు, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ కొట్టిస్తుంది. అంటే ఆ తీగను తాకి పోయిన గాలికే లెక్క. సెన్సార్ దాటిన తర్వాత గొట్టం ఎక్కడైనా చీలితే, అక్కడ దూరే గాలికి లెక్క లేదు. ఇంజన్‌లో గాలి ఎక్కువైపోతుంది, పెట్రోల్ మాత్రం సెన్సార్ చెప్పినంతే పడుతుంది. సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ ఆ సంగతి పట్టిస్తుంది, అప్పుడు కంప్యూటర్ అనుమానం ఏ పాపం తెలియని మాఫ్ సెన్సార్ మీద పడుతుంది.

ఈ రెండింటినీ విడదీయడానికి పెద్ద చదువు అక్కరలేదు, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూస్తే చాలు. కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత శాతం పెట్రోల్ కలపాల్సి వస్తోందో ఆ అంకె చెబుతుంది. పదికి అటూ ఇటూ ఉంటే భయం లేదు. ఈ కారుకి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు, ఇరవై దాటింది. బండిని 2500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి పట్టుకుంటే మెల్లగా దిగి ఐదు దగ్గర నిలబడింది. దొంగగాలి దూరుతున్నప్పుడే ఇలా ఉంటుంది, ఎందుకంటే ఐడిల్‌లో ఇంజన్ పీల్చేదే కొంచెం, అందులో చీలిక గాలి వాటా పెద్దది, రేజ్ పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. సెన్సార్ తీగకు మట్టి పట్టి ఉంటే దీనికి ఉల్టా, ఐడిల్‌లో బాగానే ఉండి లోడ్ పడేకొద్దీ ట్రిమ్ పైకి పోతుంది.

పై నుంచి టార్చ్ వేసి చూస్తే రబ్బరు గొట్టం నున్నగా ఉంది. చెయ్యి కిందికి పోనిచ్చి మడతలు ఒక్కొక్కటే వేలితో విప్పి తడిమితే, రెండు మడతల మధ్య గోరు దిగింది. ఇక్కడి ఎండకు రబ్బరు గట్టిపడి చీలింది. మామూలుగా ఆ చీలిక మూసుకునే ఉంటుంది, పక్క కుర్రాణ్ని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కి డి గేరులో కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వమంటే ఇంజన్ వెనక్కి ఒరిగి చీలిక నోరు తెరిచింది. అక్కడే ఉంది రోగం. కొత్త గొట్టం వేసి, కోడ్లు తుడిచి, రోడ్డు మీద తిప్పుకొచ్చాను, ట్రిమ్ మూడు దగ్గర ఉంది. సెన్సార్ మార్చి ఉంటే కొన్ని వందల దిర్హాముల బిల్లు అయ్యేది, బండి మాత్రం అలాగే వణికేది. గంటకు పైగా ర్యాంపు ఆపి చిన్న బిల్లు చేశానని ఆ తిట్టు.

నేను పని నేర్చుకున్నది జడ్చర్ల దగ్గర, హైవే పక్క రేకుల షెడ్డులో. అక్కడ అనుమానం మీద పార్టు మార్చడం అనేదే ఉండదు, ఎందుకంటే బండాయన ఊరుకోడు. పాత పార్టు ఏదని అడుగుతాడు, దాన్ని కవర్లో వేసుకుని ఇంటికి తీసుకుపోతాడు, రేపు ఇంకో మెకానిక్‌కు చూపిస్తాడు. మార్చాక కూడా రోగం తగ్గకపోతే పైసలు రావు సరికదా, పొద్దుగూకే లోపల నాలుగు ఊళ్లకు తెలిసిపోతుంది. అందుకే నాకు పని నేర్పిన ఉస్తాద్ స్పానర్ పట్టే ముందు బండి చుట్టూ తిరిగేవాడు, ఫిల్టర్ డబ్బా విప్పి వాసన చూసేవాడు, హోసు బోసు పిండి చూసేవాడు, "ముందు గాలి, తర్వాత కరెంటు, తర్వాత పార్టు" అనేవాడు. మా షెడ్డుకు స్కానర్ చాలా ఆలస్యంగా వచ్చింది, అది వచ్చాక కూడా ఆ వరుస మారలేదు. దాన్ని ఎవరైనా పేదోళ్ల పని, జుగాడ్ అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. సరిగ్గా కనుక్కోవడం కూడా పనే, అసలు అదే పని.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా ఊరు 2016లో జిల్లాలు విడగొట్టాక నాగర్‌కర్నూల్ కిందికి పోయింది, కానీ ఎవరడిగినా పాలమూరనే చెప్తాం. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, డ్యాములకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసింది మావాళ్లే, మా తాత కూడా అట్ల పోయినవాడే. వాళ్లను ఎవరూ 'ఇక్కడ ఎట్ల తవ్వాలి' అని అడిగి ఉండరు, తవ్వమని చెప్పి ఉంటారు. నేను చదువుకుని, పని నేర్చుకుని, విమానం ఎక్కి వచ్చాక కూడా నా చేతులే కావాలి, నా ఆలోచన అక్కరలేదు అంటే ఎక్కడో కలుక్కుమంటుంది.

ఇక్కడ మంచి లేదని కాదు. లైవ్ డేటా గ్రాఫులో చూపించే స్కానర్, గొట్టాల్లోకి పొగ పంపి లీకేజీ పట్టే మిషన్, ప్రతి బండికి జాబ్ కార్డు, ఇవన్నీ ఉన్నాయి, ఆ స్కానర్ ఉండటం వల్లే ఆ రోజు నేను గంటలో తేల్చగలిగాను. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండలో బయటి పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు. మాది కప్పు కింద పని కాబట్టి ఆ లెక్కలోకి రాము, అయినా అలాంటి రూలు ఒకటి ఉండటమే గొప్ప. అన్నిటికంటే నాకు నచ్చింది బిల్లులో చెకింగ్ చార్జీ అని ఒక లైను ఉండటం. మా షెడ్డు ఉస్తాద్ జన్మలో చూసినందుకు ఒక్క రూపాయి తీసుకోలేదు, అడిగితే "చూసినందుకు కూడా పైసలేందే" అనేవాళ్లు. ఇక్కడ చూసినందుకు పైసలు ఇస్తారు, కానీ చూడటానికి టైమ్ ఇవ్వరు. దీని గురించే రాత్రి పడుకున్నాక కూడా ఆలోచిస్తుంటాను, ఆ లైను తీసుకుపోయి మా షెడ్డు బిల్లు బుక్కులో పెడితే ఎంత బాగుండు అని.

నిజంగా సెన్సారే పోయిన బండ్లూ వస్తాయి. నా రూమ్మేట్ ఒకతను దేవరకొండ వాడు, కంపెనీ డెలివరీ వ్యాన్ నడుపుతాడు. "అన్నా, బండి లాగుతలేదు, పెట్రోల్ మాత్రం తాగుతుంది" అన్నాడు. ఫిల్టర్‌కు గాలి కొట్టిస్తున్నవా అంటే, "టైర్ల షాపుల వారం వారం కొట్టిపిస్తున్న గద" అన్నాడు. కంప్రెసర్ గాలి అంత జోరుగా కొడితే ఫిల్టర్ కాగితానికి కంటికి కనిపించని తూట్లు పడతాయి, ఇక్కడి దుమ్ము అసలే మైదా, తిన్నగా పోయి తీగ మీద కూర్చుంటుంది. వ్యాన్ మా గ్యారేజీకే వచ్చింది. సెన్సార్ బయటికి తీస్తే తీగ మీద మట్టి బూజులా పేరుకుని ఉంది. దాన్ని గుడ్డతోనో వేలితోనో తుడిచారంటే అయిపోయింది, తీగ తెగుతుంది. బ్రేక్ క్లీనర్, కార్బొరేటర్ క్లీనర్ కూడా వద్దు, ప్లాస్టిక్‌నూ లోపలి పూతనూ తింటాయి. మాఫ్ క్లీనర్ అని విడిగా స్ప్రే దొరుకుతుంది, దూరం నుంచి కొట్టి పూర్తిగా ఆరనిచ్చాకే బిగించాలి. చాలా బండ్లు దీంతోనే బాగైపోతాయి. ఈ వ్యాన్ కాలేదు. కనెక్టర్‌లో పన్నెండు వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ బాగుంది, వైరు తెగలేదు, అయినా రేజ్ పెంచుతుంటే సిగ్నల్ కొంత దాకా ఎక్కి అక్కడే మొండికేస్తోంది. అప్పుడు చెప్పాను, ఇది మార్చాల్సిందేనని.

మార్చడం పది నిమిషాల పని. ఇగ్నిషన్ ఆపాలి, కనెక్టర్ లాక్ నొక్కి లాగాలి, వైరు పట్టుకుని గుంజొద్దు. రెండు స్క్రూలు, కింద ఒక రబ్బరు రింగు, అది మెలిపడకుండా కూర్చోవాలి. బాడీ మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజన్ వైపు చూడాలి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలు కాబట్టి బలం చూపించకూడదు. దాంతోపాటే కొత్త ఫిల్టర్ వేయాలి, లేకపోతే కొత్త సెన్సార్ గతీ అంతే. కోడ్లు తుడిచి, కంప్యూటర్ పాత ట్రిమ్ మరిచిపోయేలా రీసెట్ చేసి కాసేపు నడపాలి. డూప్లికేట్లతో జాగ్రత్త, డబ్బా అచ్చం ఒరిజినల్ లాగే ఉంటుంది, బిగించాక ఐడిల్‌లో గ్రాముల లెక్క చూస్తే దొరికిపోతుంది. వేడెక్కిన ఇంజన్, ఏసీ ఆపి ఉంటే, లీటరుకు ఇంచుమించు ఒక గ్రాము అని మా వాళ్ల మోటు లెక్క. రెండు లీటర్ల ఇంజన్‌కు ఐదారు చూపిస్తే ఆ సెన్సార్ వాపసు ఇచ్చేయడమే.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు, వాడు ఇప్పుడు అదే షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోల్ కార్లు చాలావాటికి ఈ సెన్సారే ఉండదు, గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్‌తో నడుస్తాయి, కాబట్టి వాడికి దీంతో పెద్దగా పని పడలేదు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది కానీ ఈ సెన్సార్ ఉన్న పాత డీజిల్ డిజైర్లు పాలమూరు రోడ్ల మీద ఇంకా ట్యాక్సీలుగా తిరుగుతూనే ఉన్నాయి, అలాంటిదే ఒకటి పికప్ లేదని వచ్చిందట. టర్బో పైపులు చూసినవా, ఫిల్టర్ చూసినవా, పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇరుక్కుందేమో చూసినవా అని వరసగా అడిగాను. అన్నీ చూశాడు. "సెన్సార్ కనెక్టర్ పీకితే పికప్ వచ్చింది అన్నా" అన్నాడు. అంటే సెన్సారే తప్పుడు లెక్క చెబుతోందన్నమాట. క్లీన్ చేసి చూడు, కాకపోతే ఒరిజినల్ తెప్పించు, పాతది బండాయనకే ఇవ్వు, చూసినందుకు రెండొందలు విడిగా బిల్లు మీద రాయి అన్నాను. "గవి ఎవరిస్తరన్నా" అన్నాడు. ఇవ్వకపోతే కొట్టేయమను, నువ్వు మాత్రం ప్రతి బండికీ రాయి అని చెప్పాను.