పర్లాకిమిడి నుంచి జంప్ సీటు దాకా

విమానంలో క్యాబిన్ సిబ్బందిగా ఉద్యోగం వచ్చిందని తెలియగానే, ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడిలో ఉన్న బంధువులందరికీ ముందుగా గుర్తుకొచ్చింది టీ ట్రే. "డిగ్రీ చదివించింది ఇందుకేనా?" అని మా పెద్దమ్మ నాన్నగారిని నిలదీసింది. నిజానికి మా శిక్షణలో టీ ఇవ్వడం నేర్చుకోవడానికి పట్టిన సమయం చాలా తక్కువ. తక్కిన కాలమంతా పొగలోను, నీటిలోను, తలుపుల దగ్గరా గడిచింది.

ఎంపిక గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గుణుపురం ప్యాసింజర్‌లో విశాఖపట్నం వెళ్లి, ఒక హోటల్ హాలు బయట పొద్దుటి నుంచి వరుసలో నిలబడ్డాను. ఎత్తు, బరువు చూశారు, మునివేళ్ల మీద లేచి చేయి చాస్తే గోడ మీది గీత అందుతుందో లేదో చూశారు, పైకి కనిపించే మచ్చలు, పచ్చబొట్లు ఉన్నాయా అని అడిగారు. మా వైపు అమ్మమ్మల చేతుల నిండా పచ్చబొట్లే కనుక లోలోపల నవ్వుకున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్న నాకు హిందీ తడబడుతూనే వచ్చింది. అయినా భువనేశ్వర్ విమానాల్లో ఒడియా మాట్లాడగలిగినవారి అవసరం ఉంటుంది కాబట్టి అదే నాకు కలిసివచ్చిందనుకుంటాను.

శిక్షణలో నన్ను ఏడిపించింది నా గొంతు. 44 మందికి మించి కూర్చునే విమాన నమూనాకు అనుమతి రావాలంటే, సగం ద్వారాలు మాత్రమే వాడి అందరినీ 90 సెకన్లలో బయటికి పంపవచ్చని తయారీ సంస్థ చూపించాలి. మన దేశంలో 50 సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలన్నది నియమం; ఆ లెక్కన 180 సీట్ల ఎయిర్‌బస్ ఏ320లో నలుగురం ఉంటాము. అంతమందిని అంత కొద్దిసేపట్లో నలుగురు దింపాలంటే బతిమాలితే కుదరదు, అరవాలి. ఆడపిల్ల మాట వీధి గుమ్మం దాటకూడదనే ఇంట్లో పెరిగిన నేను, నకిలీ తలుపు ముందు నిలబడి బెల్టులు విప్పమని, సామాను వదిలేయమని, దూకమని ఆదేశించబోతే పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది. "నీ మాట వినబడక వెనక వరుసవాళ్లందరూ పోయారు" అని శిక్షణ ఇచ్చే మేడమ్ మళ్లీ మొదటికి పంపేవారు. రాత్రిళ్లు హాస్టల్ మేడ మీద సాధన చేస్తే పక్కింటివాళ్లు దొంగలు పడ్డారనుకొని లైట్లు వేశారు.

తలుపు తెరవడానికీ ఒక క్రమం ఉంది. ముందు అద్దంలోంచి బయట మంట, పొగ, నీళ్లు ఉన్నాయేమో చూడాలి, స్లైడ్, అంటే గాలితో ఉబ్బి కిందికి దింపే జారుడుబల్ల, సిద్ధంగా ఉందో లేదో చూసుకోవాలి, పిడి పూర్తిగా పైకెత్తి తలుపు తోయాలి, స్లైడ్ తనంతట ఉబ్బకపోతే ఎర్ర పిడి లాగాలి. ఇదంతా చేస్తూ ఒక చేత్తో గోడకున్న పట్టు వదలకూడదు, ఎందుకంటే వెనక నుంచి వచ్చే తోపులాటకు ముందుగా కింద పడేది మనమే. మంటల పాఠంలో నాకు ఆశ్చర్యం కలిగించింది పవర్ బ్యాంక్: మంటలార్పే హాలాన్ వాయువు కొడితే మంట ఆరుతుంది గాని లోపలి సెల్స్ వేడి తగ్గక మళ్లీ అంటుకుంటుంది, అందుకని ఆ వెంటనే నీళ్లు పోసి చల్లబరచాలి. ఈత కొలను రోజున మాత్రం, మహేంద్రతనయ ఒడ్డున పుట్టి ఏటిలో దిగనివ్వని మా పెద్దల మీద నిజంగా కోపం వచ్చింది. మా తమ్ముడు అదే ఏటిలో ఈత నేర్చుకున్నాడు.

ఉద్యోగంలో చేరాక ఇంటినుంచి వచ్చే మందులకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. డ్యూటీకి ముందు శ్వాస పరీక్ష ఉంటుంది, మద్యం ఆనవాలే కనబడకూడదు. 2023లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మౌత్‌వాష్ వంటి వాటిలో మద్యం ఉన్నా వాడరాదని స్పష్టం చేసింది. అమ్మ పంపే హోమియో చుక్కల్లో ఉండేది అదే మద్యం. ఈ మాట అమ్మకు నచ్చజెప్పడం శ్వాస పరీక్షకంటే కష్టమయింది.

మొదటిసారి విమానమెక్కే గంజాం కూలీలు బెల్టు పెట్టుకోవడం తెలియక, అడగడానికి మొహమాటపడి, దాన్ని నడుముకు ముడి వేసుకుంటారు. "మావుసీ, ఇలా ఇవ్వండి" అని ఒడియాలో పలకరిస్తే వెంట వచ్చిన ముసలమ్మల ముఖాల్లో బెరుకు పోతుంది. టేకాఫ్‌కు ముందు తలుపు పక్కన సిబ్బంది కోసం ఉండే మడత సీటులో, అంటే జంప్ సీటులో, చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చున్నప్పుడు మేము ఊరికే ఉన్నట్టు కనబడతాము గాని, ఏ తలుపు నాది, ఏ ఆదేశం ముందు, ఎవరికి సాయం కావాలి అని మనసులో వల్లె వేసుకుంటూ ఉంటాము.

జీతం సంగతి మా ప్రాంతపు పిల్లలు తప్పక అడిగి తెలుసుకోవాలి. మా ఒప్పందంలో మూల వేతనం చిన్నది, పెద్ద భాగం ఎగిరిన గంటలకు వచ్చే భత్యం. ఆ గంటలు విమానం బే నుంచి, అంటే నిలిపి ఉంచిన చోటి నుంచి, కదిలినప్పటి నుంచి మొదలవుతాయి కనుక, ప్రయాణికులను ఎక్కించుకుంటూ, ఆలస్యానికి తిట్లు తింటూ నిలబడిన సమయం లెక్కలోకి రాదు. జలుబు చేస్తే చెవుల్లో పీడనం సర్దుకోదు కాబట్టి ఎగరకూడదు, ఎగరకపోతే భత్యం రాదు. అద్దె కట్టే వారంలో ఆ జలుబును దాచుకొని వచ్చేవాళ్లు ఉన్నారు. కర్ణభేరి చిల్లుపడి ఇంటికి పరిమితమైన సహోద్యోగినిని చూశాక నేను అందుకు ఒప్పుకోవడం లేదు, ఆ నెల అద్దెకు నాన్నగారినే అడుగుతున్నాను.