తేదీ రాని పనులు

బద్ధకం వల్ల ఆగిన పనులు వేరు, ఇంకా తేదీ రాక ఆగినవి వేరు. రెండూ ఒకే జాబితాలో ఉంటే రోజూ చూసి ఊరికే టెన్షన్. అందుకే రెండో రకాన్ని జాబితాలోంచి తీసేసి ఫోన్ క్యాలెండర్‌లో పడేస్తున్నాను.

సంక్రాంతి రైలు టికెట్టే తీసుకోండి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 ఉండేది. ప్రయాణం రోజు ఆ లెక్కలో రాదు. జనవరి 12 బండికి నవంబరు 13 పొద్దున 8 గంటలకన్నమాట. (బండి ముందురోజే బయల్దేరి మన స్టేషన్‌కి వచ్చేదైతే లెక్క అది బయల్దేరిన తేదీ నుంచి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.) దీనికి రెండు రిమైండర్లు పెట్టాను. ముందురోజు సాయంత్రం, టికెట్ల సైటులో ప్రయాణికుల వివరాలు దాచుకునే మాస్టర్ లిస్ట్‌లో అందరి పేర్లు, వయసులు సరిచూడటానికి ఒకటి, పొద్దున 7:50కి ఇంకోటి. మధ్యలో ఆ ఊసే ఎత్తను.

ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకి ఆఫీసు ఇచ్చే కాగితం) కూడా అంతే, జూన్ 15 దాకా ఆఫీసుకి గడువుంది, ఏప్రిల్‌లో అడిగి లాభం లేదు.

నాన్నతోనే కష్టం. ఆయనది కేంద్ర ప్రభుత్వ పెన్షన్, 80 దాటినవాళ్ళకి లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చేది) అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు, మిగతావాళ్ళకి నవంబరు. ఆయన మాత్రం ఆగస్టులోనే మొదలెట్టారు.

"ఏరా, నా సర్టిఫికెట్ సంగతేం చేశావ్?"

"అక్టోబరుకి పెట్టా నాన్నా, ఫోనే గుర్తుచేస్తుంది."

"సరే, ఫోన్ మర్చిపోతే నేనున్నాగా!"