ఆసుపత్రికి హరిత ధ్రువపత్రం: ఖర్చు ఏ పద్దులో, లాభం ఎవరి ఖాతాలో?

గత నెల ఒక పాత సహోద్యోగి, కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో తలపెట్టిన 300 పడకల ఆసుపత్రి అంచనా పత్రాలను ఒకసారి చూసిపెట్టమని పంపారు. సివిల్ పనుల వివరం నలభై పేజీలుంది. ‘గ్రీన్ బిల్డింగ్ ఖర్చు’ మాత్రం ఒకే ఒక్క వరుస, దాని ఎదుట ఒక గుండుగుత్త మొత్తం. ఆసుపత్రుల యంత్ర సామగ్రి నిర్వహణలో ఇరవై ఏళ్లు గడిపిన నాకు ఈ వరుస పాత పరిచయమే. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు యాజమాన్యం ఎర్ర సిరా ముందుగా పడేదీ, ప్రారంభోత్సవ ఆహ్వానపత్రికలో పెద్ద అక్షరాల్లో కనబడేదీ ఇదే.

కరెంటూ నీరూ తక్కువగా వాడేలా కట్టిన భవనానికి ఇచ్చే ఈ హరిత ధ్రువీకరణకు మన దేశంలో వాడుకలో ఉన్నవి ప్రధానంగా మూడు: అమెరికా వారి లీడ్, భారత పరిశ్రమల సమాఖ్య 2001లో నెలకొల్పిన ఐజీబీసీ (భారత హరిత భవన మండలి), ఇంధన వనరుల పరిశోధన సంస్థ టెరి రూపొందించిన గృహ. ఐజీబీసీకి ఆసుపత్రుల కోసమే విడిగా ఒక కొలమానం ఉంది. హైదరాబాదు వారికి కొండాపూర్ దగ్గరి సొరాబ్జీ గోద్రెజ్ కేంద్రం తెలిసే ఉంటుంది. అమెరికా వెలుపల లీడ్‌లో అత్యున్నత స్థాయి అయిన ప్లాటినం పొందిన మొదటి భవనం అదే, ఆ సంవత్సరం 2003. ప్రపంచంలో ఒక ఆసుపత్రి ఆ స్థాయిని అందుకోవడానికి మాత్రం 2009 దాకా ఆగవలసి వచ్చింది. అది టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఉన్న డెల్ పిల్లల ఆసుపత్రి. ఈ ఆలస్యం నన్ను ఆశ్చర్యపరచదు. కార్యాలయానికి సాయంత్రం తాళం వేసి వెళ్లవచ్చు, ఆసుపత్రికి తాళం ఉండదు.

సలహాదారులు తరచుగా చూపించే అంకె ఒకటుంది: హరిత భవనానికి అదనపు ఖర్చు రెండు శాతం లోపేనని. అది 2003లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థల కోసం తయారైన నివేదికలోనిది. అందులో పరిశీలించిన 33 భవనాలూ కార్యాలయాలూ బడులే. వాటి లెక్కను శస్త్రచికిత్స గదులున్న భవనానికి అలాగే అంటగట్టడం, గుడిసెకు వేసిన అంచనాతో మేడ కట్టబోవడమే అవుతుంది.

ఆసుపత్రిలో డబ్బు ఎక్కడ కరుగుతుందో చూస్తే ఈ తేడా బోధపడుతుంది. అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే పెట్టిన 170వ ప్రమాణం ప్రకారం శస్త్రచికిత్స గదిలో గాలి గంటకు కనీసం 20 సార్లు మారాలి, ఆ ఇరవైలో కనీసం నాలుగు సార్లకు సరిపడా బయటి గాలి కావాలి. మన కోస్తాలో ఆ బయటి గాలి నిండా తేమతో వస్తుంది. గదిలో తేమను 60 శాతం మించనీయకూడదు కనుక గాలిని ముందు బాగా చల్లబరచి నీటిని పిండేస్తారు. అంత చల్లటి గాలిని నేరుగా గదిలోకి వదలలేరు కనుక విద్యుత్ హీటర్లతో మళ్లీ వేడి చేస్తారు. పై కప్పు మీద కూలింగ్ టవర్ ఎంతో వేడిని ఆకాశంలోకి పారబోస్తుంటే, రెండంతస్తుల కింద అదే వేడి కోసం కరెంటు కొంటుంటాం. ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్, వదిలే ఆ వేడిని పట్టి ఇక్కడికి మళ్లించే అమరికను గొట్టాలు వేయకముందే గీసుకుంటే ఖర్చు భరించదగినదిగా ఉంటుంది. భవనం లేచాక గోడలు పగలగొట్టి పెట్టాలంటే ఎవరూ ముందుకు రారు. ధ్రువీకరణ ప్రక్రియ వల్ల నాకు కనిపించిన అసలైన మేలు ఇదే: వాస్తుశిల్పినీ, ఏసీ ఇంజినీరునూ, ఇన్ఫెక్షన్ నియంత్రణ వైద్యుడినీ పునాదికి ముందే ఒక బల్ల చుట్టూ కూర్చోబెడుతుంది.

దీనికంటే చవకైన ఉపాయం ఇంకొకటుంది. శస్త్రచికిత్సలు లేని వేళ, గదిలోని గాలి ఒత్తిడి బయటికంటే ఎక్కువగా ఉండేలా చూసుకుంటూ గాలి మార్పిడిని తగ్గించవచ్చు. ప్రమాణం దీనికి ఒప్పుకుంటుంది. ఫ్యాను వేగాన్ని సగం చేస్తే దానికి కావలసిన విద్యుత్తు, సిద్ధాంతం ప్రకారం, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇంత సులువైనది ఎందుకు జరగదంటే, నేను పనిచేసిన ఒక ఆసుపత్రి కథ చెప్పాలి. అక్కడ ప్లాటినం కింది మెట్టయిన గోల్డ్ ధ్రువీకరణ ఫలకం వచ్చింది, ఈ ఏర్పాటూ ఉంది. ఒక రాత్రి అత్యవసర శస్త్రచికిత్సకు వచ్చిన సర్జనుకు గది సిద్ధంగా లేదనిపించింది, ఆయన కోప్పడ్డారు. మర్నాడు ఎవరో స్విచ్చును శాశ్వతంగా ‘ఆన్’లో పెట్టేశారు. ఆ వ్యవస్థ తెలిసిన ఆపరేటరు అప్పటికే ఉద్యోగం మారిపోయాడు. రెండేళ్ల తరువాత బిల్లులు తిరగేస్తే తప్ప ఆ సంగతి మాలో ఎవరికీ తెలియలేదు; ఫలకం మాత్రం రిసెప్షన్‌లో రోజూ తుడవబడుతూనే ఉంది.

కొత్త భవనాలకిచ్చే ఈ ధ్రువపత్రం ప్రధానంగా అంచనాలను చూసి ఇచ్చేది, మీటరును చూసి కాదు. పాయింట్ల లెక్కలోనూ కొంత విడ్డూరం ఉంది: లీడ్‌లో 80 పాయింట్లు వస్తే ప్లాటినం, సైకిళ్ల వసతికీ అందులో ఒక పాయింటు దొరుకుతుంది. మత్తు వాయువుల సంగతి ఇందులో దాదాపు కనబడదు. డెస్‌ఫ్లూరేన్ అనే మత్తుమందు వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 2,500 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. స్కాట్లండ్ 2023లోనే దాన్ని పక్కన పెట్టింది. మత్తు వైద్యుడు వేరే మందు వైపు మళ్లడానికి భవనం కట్టనక్కరలేదు, సలహాదారుకు రుసుము ఇవ్వనక్కరలేదు.

నీటి విషయంలో లాభం స్పష్టం. వంద పడకలు దాటిన ఆసుపత్రికి పడకకు రోజుకు 450 లీటర్లు అన్నది మన ప్రమాణం. 300 పడకలకు లక్షా 35 వేల లీటర్లు. ట్యాంకర్లకు డబ్బు కట్టే ఊళ్లో మురుగునీటిని శుద్ధి కేంద్రంలో (ఎస్‌టీపీ) శుద్ధి చేసి కూలింగ్ టవర్‌కూ మరుగుదొడ్లకూ వాడుకుంటే పెట్టుబడి త్వరగానే తిరిగి వస్తుంది. అయితే పొదుపు కుళాయిలు పెట్టి గొట్టాల సైజు తగ్గించకపోతే నీరు నిలిచిపోయి లెజియోనెల్లా వంటి సూక్ష్మజీవులకు ఇల్లవుతుందని, ఆ కుళాయిలను సిఫారసు చేసేవారిలో కొందరే చెబుతారు. సౌరఫలకాల గురించి ఒక్క మాట చాలు: ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగులు కావాలి, ఆసుపత్రి కప్పు మీదేమో చిల్లర్లూ టవర్లూ నీటి ట్యాంకులూ ముందే కూర్చుని ఉంటాయి.

రోగికి కలిగే మేలు మాటేమిటి? పరిశోధకుడు రోజర్ ఉల్రిక్ 1984లో ప్రచురించిన పరిశోధన అందరూ చెప్పేదే. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మందిని చూస్తే, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు సగటున 7.96 రోజులకూ, ఇటుక గోడ కనిపించినవారు 8.70 రోజులకూ ఇంటికి వెళ్లారు. ఇక్కడ నన్ను ఆలోచింపజేసేది వైద్యం కంటే లెక్కల పుస్తకం. పడకకు రోజువారీ అద్దె వసూలు చేసే ఆసుపత్రికి రోగి ముందే వెళ్లిపోవడం రాబడి నష్టం; ఆరోగ్యశ్రీ వంటి ప్యాకేజీ కింద వచ్చిన రోగి ముందే కోలుకుంటే అదే ఆసుపత్రికి లాభం. అంటే చెట్టు కనబడే కిటికీకి గిట్టుబాటు ఉందా లేదా అన్నది, బిల్లు ఏ పద్ధతిలో వేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంది. ప్యాకేజీ రోగులు ఎక్కువగా వచ్చే జిల్లా కేంద్రపు ఆసుపత్రికే, నగరంలోని ఖరీదైన ఆసుపత్రి కంటే ఈ కిటికీ ఎక్కువ అవసరం. ఫలకాలు మాత్రం ఎక్కువగా రెండో చోటే కనబడతాయి.

చివరికి ఆ ఒక్క వరుసను మూడుగా విడగొట్టి మిత్రుడికి తిప్పి పంపాను. మొదటిది ధ్రువీకరణ రుసుమూ సలహాదారు ఫీజూ; ఇది మొత్తం అంచనాలో చిన్నదే. రెండోది వేడిని మళ్లించే గొట్టాలు, రెండో నీటి లైను, మంచి గాజు, అదనపు మీటర్లు. ఇది ధ్రువపత్రం తీసుకోకపోయినా పెట్టవలసిన ఖర్చు. మూడోది, ఆసుపత్రి తెరిచిన తరువాత మూడేళ్లపాటు ఆ మీటర్లను చదివి, రాత్రి ఎవరు ఏ స్విచ్చు తిప్పారో పట్టుకునే ఒక ఇంజినీరు జీతం. వారం తరువాత జవాబు వచ్చింది. మొదటి వరుసను అలాగే ఉంచారట, రెండోదాన్ని సగానికి కుదించారట. మూడోదాన్ని నిర్వహణ బడ్జెట్‌లోకి మార్చామని రాశారు. ఆ బడ్జెట్‌ను ఇంకా ఎవరూ తయారు చేయలేదు.